వేడెక్కిన మక్కలు

రెండువేల పదకొండు సెప్టెంబరులో సకల జనుల సమ్మె మొదలయ్యేసరికి నేను హైదరాబాదులో ఆహార శాస్త్రంలో ఎమ్మెస్సీ చదువుతున్నాను. క్లాసులు ఆగిపోయాయి. హాస్టల్లో మెస్సు మూసేశారు. రేపోమాపో రైళ్లు కూడా ఆగుతాయని అంటుంటే సామాను సర్దుకుని మా ఊరు కేసముద్రం వచ్చేశాను. సూట్‌కేసులో బట్టలకంటే ప్రాజెక్టు సామానే ఎక్కువ. పల్లెల్లో నిల్వ పెట్టుకునే మక్కల్లో, అంటే మొక్కజొన్నల్లో, బూజు వల్ల పుట్టే విషం ఎంత ఉందో చూడటం నా పని. దాని పేరు అఫ్లాటాక్సిన్. అది కంటికి కనబడదు, ఉడికించినా పోదు. కొంచెం కొంచెంగా అయితే ఏళ్ల మీద, ఎక్కువైతే వారాల్లోనే కాలేయాన్ని తినేస్తుంది.

మా నాన్నను మేము బాపు అంటాం. ఆయన పేరు రాజమౌళి. మార్కెట్ యార్డుకు ఎదురుగా మా దుకాణం. వానాకాలం మక్కలు టోకున కొని కోళ్ల దాణాకు, గంజి మిల్లులకు లారీల్లో పంపిస్తాడు. సమ్మె మొదలైన నాడే యార్డు గేటుకు తాళం పడింది. అప్పటికి మా గోదాములో మూడు వందల బస్తాలు దిగి ఉన్నాయి. అందులో కొన్ని సరిగ్గా ఎండనివి. మామూలుగా అయితే వారం తిరక్కుండా వెళ్లిపోయే సరుకు. ఇప్పుడు లారీలు లేవు. భూపాలపల్లి బొగ్గు బాయిల్లో తవ్వకం ఆగిపోయింది, కరెంటు ఎప్పుడొస్తుందో ఎప్పుడు పోతుందో తెలియదు. వాటికి తోడు వదలని ముసురు.

యార్డు గేటు ముందే సమ్మె శిబిరం. జూనియర్ కాలేజీలో చెప్పే యుగేందర్ సార్ మా మండలానికి జేయేసీ కన్వీనరు. హమాలీలంతా రోజూ వచ్చి టెంటు కింద కూర్చునేవాళ్లు. పని ఆగితే వాళ్లకు పొయ్యి ఆగినట్టే. నాలుగో రోజు మాన్‌సింగ్ మా దుకాణం మెట్ల దగ్గరికి వచ్చి నిలబడ్డాడు. ఆయన మా దగ్గర పదిహేనేళ్లుగా బస్తాలు మోస్తున్నాడు. వాళ్లది ఊరికి నాలుగు కిలోమీటర్ల దూరంలో ఉన్న ఎర్రకుంట తండా.

"సమ్మె జెయ్యాలె సేటు, చేస్తనే ఉన్నం. కని ఇంట్ల గింజ లేదు. తండల ఎవ్వలింట్ల లేదు," అన్నాడు.

బాపు కొంచెంసేపు ఆలోచించాడు. "నలభై బస్తాలు తీస్కపో. గట్కనో రొట్టెనో, తెలంగాణ వచ్చేదాక ఎల్లుతది," అన్నాడు. తనే గోదాములోకి నడిచి, దక్షిణం గోడకు వేసిన బస్తాల నెట్టును చూపించాడు. "గివి తియ్యి. అటు దిక్కువి ముట్టకు."

మధ్యాహ్నం యుగేందర్ సార్ మైకులో బాపు పేరు చెప్పాడు. చప్పట్లు కొట్టారు. జై తెలంగాణ అని నినాదాలు ఇచ్చారు. బాపు తల వంచుకుని నిలబడ్డాడు. సిగ్గుపడుతున్నాడనుకుని నేను మురిసిపోయాను. మైకు ముందుకు రమ్మంటే కూడా రాలేదు.

రెండు వారాలు గడిచాయి. రైళ్లు ఆగి పట్టాల మీద జనం వంట చేసుకున్నారు. నేను ఊళ్లో ఇల్లిల్లూ తిరిగి నమూనాలు పోగుచేస్తున్నాను. వాటిని హైదరాబాదుకు పంపే దారి లేక గది నిండా పొట్లాలు పేరుకున్నాయి. సద్దుల బతుకమ్మకు మూడు రోజులుందనగా మాన్‌సింగ్ వచ్చాడు. శిబిరంలో కూర్చోకుండా నేరుగా ఇంటికొచ్చి అమ్మను మజ్జిగ అడిగాడు.

"యాడికి ఏం తిన్నా కక్కొస్తున్నది. జర మజ్జిగన్న తాగుతదేమోనని," అన్నాడు. యాడి అంటే వాళ్ల భాషలో అమ్మ. ఆమె పేరు సోమ్లి.

"దవాఖానకు తీస్కపోలేదా అన్న?" అన్నాను.

"ఏడికి పోవాలె చెల్లె, బస్సుల్లేవు. ఊళ్లె ఆర్‌ఎంపీ కామెర్లు అన్నడు. పసరు పోపిచ్చిన. ద్వాలికి గూడ కండ్లు పచ్చగైనయ్." ద్వాలి ఆయన భార్య. మజ్జిగ డబ్బా అందుకుంటూ, పోయేముందు మాట్లాడే మామూలు మాటలాగా అన్నాడు. "ఏం గాశారమో గాని, ఇంట్ల మనుషులకు గిట్ల, వాకిట్ల కోళ్లకు గట్ల. పదకొండు కోళ్లు సచ్చినయ్. తండల అందరియీ సస్తున్నయ్."

వెళ్లబోతున్న ఆయన్ను ఆపాను. "కోళ్లకు ఏం వేస్తున్నారు?"

"ఏముంటది, మేం తినేదే. సేటు ఇచ్చిన మక్కలు దంచంగ మిగిలిన నూక."

కోడిపిల్లలు, బాతులు, కుక్కలు ముందు పోతాయని, తర్వాత మనుషులకు కామెర్లు వస్తాయని నేను పరీక్షకు చదివి రాశాను. ఆ జవాబుకు మార్కులు కూడా బాగానే వచ్చాయి. ఆ పేజీ ఒక మనిషి నోటి నుంచి వింటానని ఎప్పుడూ అనుకోలేదు.

"అన్నా, నేను చెప్పేదాకా ఆ మక్కలు వండకండి. తండాలో కూడా చెప్పు," అన్నాను.

"మరి ఏం తినాలె చెల్లె?" అన్నాడు మాన్‌సింగ్. అమ్మ లోపలికి వెళ్లి బియ్యం మూట కట్టి తెచ్చింది. ఒక ఇంటికి సరిపడా బియ్యం. తండాలో అరవై ఇళ్లున్నాయి.

నా దగ్గర ఆరు పరీక్ష స్ట్రిప్పులే మిగిలాయి. మక్కల పిండిని మందు ద్రావణంలో కలిపి, వడగట్టి, ఆ నీటిలో ముంచితే గీతలు తేలుతాయి. రెండు గీతలు వస్తే ఫరవాలేదు. ఒకటే వస్తే విషం పరిమితి దాటినట్టు. కరెంటు లేదు కాబట్టి మిక్సీ తిరగలేదు. మాన్‌సింగ్ వాళ్లింటి నుంచి గుప్పెడు మక్కలు తెప్పించి రోట్లో దంచాను. గోదాములో ఉత్తరం దిక్కు బస్తాల నుంచి గుప్పెడు, దక్షిణం గోడ దగ్గర మిగిలిన రెండు బస్తాల నుంచి గుప్పెడు తీసుకున్నాను. దక్షిణం బస్తాలో చెయ్యి పెడితే లోపల వెచ్చగా ఉంది, జ్వరం వచ్చిన ఒంటిలాగా.

తండా మక్కలకు ఒకటే గీత వచ్చింది. దక్షిణం బస్తాకు ఒకటే. ఉత్తరం బస్తాకు రెండు. నమ్మలేక తండా మక్కలతో ఇంకో స్ట్రిప్పు ముంచాను. మళ్లీ ఒకటే.

బాపుకు చూపించాను. ఆయన స్ట్రిప్పును వెలుతురుకు పట్టి చూసి కింద పెట్టాడు.

"గీ కాయితం ముక్క జెప్తదా? నలభై ఏండ్ల సంది మక్కలల్ల చెయ్యి పెడ్తున్న. జర నెమ్ము పట్టినయ్, గంతే. కామెర్లు వానకాలం ఎవ్వలికన్న వస్తయ్."

"కోళ్లు చస్తున్నాయి బాపూ."

"కోళ్లకు తెగులు రాదా?"

నేను హైదరాబాదులో మా గైడు విద్యాసాగర్ సార్‌కు ఫోన్ చేశాను. ఆయన అంతా విన్నారు. "స్ట్రిప్పు పరిమితి దాటిందనే చెబుతుంది, ఎంత దాటిందో చెప్పదు. ల్యాబులో చూస్తే గానీ తేలదు. కామెర్లకు వేరే కారణాలు కూడా ఉంటాయి," అన్నారు. ఎట్లా పంపను సార్, రైళ్లు లేవు అన్నాను. "రుజువు కోసం ఆగకు శ్రీజా. తినొద్దని చెప్పడానికి అనుమానం చాలు. ముందు ఆ జబ్బు పడ్డవాళ్లను పెద్దాసుపత్రికి చేర్చండి," అన్నారు.

శిబిరానికి వెళ్లి యుగేందర్ సార్‌ను పక్కకు పిలిచాను. మైకులో ఒకసారి ప్రకటిస్తే తండా మొత్తానికి తెలుస్తుందని నా ఆశ. ఆయన ఓపికగానే విన్నాడు. ఇరవై రోజులుగా గొంతు పోయి ఆయన మాట గుసగుసలా వస్తోంది.

"పక్కా తెలిసిందా అమ్మా?"

"పక్కా అంటే ల్యాబు రిపోర్టు రావాలి సార్. అది రాలేదు."

"మరి రిపోర్టు లేకుంట నేను మైకుల ఏమని జెప్పాలె? రేపు పేపర్ల, సమ్మె జేసెటోళ్లకు విషం పెట్టిన్రు అని పెద్దక్షరాలు పడ్తయ్. మూడు వారాలు ఉపాసముండి పట్టుకొచ్చిన సమ్మె ఇది. పది రోజులు ఆగు. రైళ్లు నడుస్తయ్, నీ రిపోర్టు వస్తది. అప్పుడు నేనే జెప్త."

"పది రోజులు వాళ్లు తింటూనే ఉంటారు సార్."

ఆయన టెంటు వైపు చూశాడు. పాటలు పాడేవాళ్లు డప్పు కాస్తున్నారు. "నువ్వు చదువుకున్నదానివి. నీ మాట నేను కాదంటలేను. జర ఆలోచించనియ్యి," అని వెళ్లిపోయాడు.

నేనే సైకిలు వేసుకుని తండాకు వెళ్లాను. పదిళ్లకు చెప్పగలిగాను. ఒకామె పొయ్యి మీద మక్కల నూకతో గట్క కలుపుతూనే వింది. కలపడం ఆపలేదు. "మంచిగనే ఉన్నయి కద బిడ్డా, పురుగు గూడ లేదు," అంది. మరొకాయన, సేటు ఇచ్చినవి తిరిగి తీసుకోవడానికి కూతుర్ని పంపాడా అని అడిగాడు. సోమ్లి మంచం మీద గోడ వైపు తిరిగి పడుకుని ఉంది. పొట్ట ఉబ్బింది. పిలిస్తే కళ్లు తెరిచింది. ఆ కళ్లు పసుపు నీళ్లలా ఉన్నాయి. వరంగల్ పోదామంటే వద్దని చెయ్యి ఊపింది.

ఇంటికొచ్చేసరికి అమ్మ వంటింట్లో సత్తుపిండి డబ్బా ముందేసుకుని కూర్చుంది. సద్దుల బతుకమ్మ నాడు వాకిట్లో ఆడవాళ్లందరికీ పంచడానికి మక్కలు వేయించి విసిరిన పిండి. అవి కూడా మా గోదాములోవే. "ఇందుల గూడ చూడు," అంది.

చూశాను. ఒకటే గీత వచ్చింది.

బాపు గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు. అమ్మ లేచింది. డబ్బా ఎత్తుకుని పెరట్లోకి వెళ్లింది. గుంత తవ్వి పిండి మొత్తం అందులో పోసి, మన్ను కప్పి, తొక్కి వచ్చింది. చేతులు కడుక్కుని కొంగుతో తుడుచుకుంటూ బాపు ముందు ఆగింది.

"మనింట్లయి పారబోసిన. వాళ్లింట్లయి?"

కస్తూరి అని పేరు పెట్టి పిలవడం తప్ప మా ఎదుట బాపు అమ్మతో ఎక్కువ మాట్లాడడు. ఆ రోజు పేరు కూడా పిలవలేదు. తర్వాత చెప్పులు వేసుకుని బయటికి వెళ్లాడు. ఎటు పోయాడో మాకు తెలియలేదు. దుకాణంలో లేడు, గోదాములో లేడు. అమ్మా నేనూ ఇంట్లోనే కూర్చున్నాం. వీధిలో పిల్లలు బతుకమ్మకు తంగేడు పూలు కోసుకొస్తూ కేకలేస్తున్నారు. ఆ కేకల్లో ఏ ఒక్కటి పెద్దగా వినబడినా తండా నుంచి ఎవరో వచ్చారేమోనని నేను లేచి గుమ్మంలోకి వెళ్లేదాన్ని.

గంట గడిచాక ఒక ఆటో వచ్చి ఆగింది. శిబిరం ఆటో. పైన మైకు గొట్టాలు, ముందు జెండా. లోపల యుగేందర్ సార్, ఆయన పక్కన బాపు. వెనకాల మా దుకాణం ట్రాలీ ఆటోలో ఉత్తరం దిక్కు బస్తాలు ఎక్కించి ఉన్నాయి. "ఎక్కు బిడ్డా," అన్నాడు బాపు.

తండా మధ్యలో వేపచెట్టు దగ్గర ఆటో ఆపారు. యుగేందర్ సార్ మైకు తీసుకోబోతుంటే బాపు చెయ్యి చాపాడు. ఆయన జీవితంలో మైకులో మాట్లాడటం అదే మొదటిసారి. జనం పోగయ్యేదాకా ఆగాడు. మాన్‌సింగ్ తన గుడిసె ముందు నిలబడ్డాడు, దగ్గరికి రాలేదు.

"నేనిచ్చిన మక్కలు తినకున్రి," అన్నాడు బాపు. "కోళ్లకు గూడ వెయ్యకున్రి. ఇంకెంత మిగిలితె అంత తెచ్చి ఇక్కడ పొయ్యున్రి, గుంత తీసి పూడుద్దాం. బదులు మంచియి తెచ్చిన."

ఎవరూ కదల్లేదు. ఇంతకు ముందు నన్ను అనుమానించినాయన ముందుకొచ్చాడు. "ఇన్ని దినాలు తిన్నంక ఇయ్యాల ఎందుకు జెప్తున్నవ్ సేటు?"

బాపు మైకును కిందికి దించాడు. కానీ దాన్ని ఆపడం తెలియక ఆ మాటలు కూడా తండా అంతా వినబడ్డాయి.

"విషమైతదని నాకు ఎర్క లేదు. కని మంచియి కావని ఎర్కే. చెయ్యి పెడితె ఆవిరొచ్చినయ్. ఎట్లన్న కరాబైతయ్, మీకిస్తె జర పుణ్యమన్న వస్తదనుకున్న. అందుకే ఆ దిక్కుయి తియ్యమన్న."

నేను ఆయన వైపు చూడలేకపోయాను. యుగేందర్ సార్ కూడా చూడలేదు. చాలాసేపటికి పొయ్యి మీద గట్క కలిపిన ఆమె లోపలికి వెళ్లి చాటతో మక్కలు తెచ్చి వేపచెట్టు కింద పోసింది. తర్వాత ఇంకొకరు. తర్వాత అందరూ. బస్తాలు, కుండలు, బకెట్లు. కొన్ని ఇళ్లలో అడుగున దోసెడే మిగిలింది. దాన్ని కూడా తెచ్చారు.

మాన్‌సింగ్ తన గుమ్మం దగ్గరే ఉన్నాడు. బాపు ఆయన దగ్గరికి వెళ్లి, "అవ్వను, ద్వాలిని ట్రాలీల ఎక్కిచ్చు. వరంగల్ పోదాం," అన్నాడు. మాన్‌సింగ్ లోపలికి వెళ్లి తల్లిని రెండు చేతుల మీద ఎత్తుకొచ్చాడు. బస్తాలు దించిన ట్రాలీలో గడ్డి పరిచి పడుకోబెట్టాం. దారి పొడవునా రాస్తారోకోలు. ప్రతి చోటా యుగేందర్ సార్ ఆటో దిగి, పోయిన గొంతుతో బతిమాలి రాళ్లు జరిపించాడు. ఒక చోట కుర్రాళ్లు వినకపోతే చేతులు జోడించాడు. ట్రాలీలో సోమ్లి తల నా ఒళ్లో ఉంది. ప్రతి కుదుపుకూ ఆమె ఊపిరి ఆగినట్టయ్యేది. నేను ముక్కు దగ్గర వేలు పెట్టి చూసుకుంటూ కూర్చున్నాను. బాపు నడిపేవాడి పక్కన కూర్చుని ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు.

ద్వాలి బతికింది. వారానికి కళ్లలో పసుపు తగ్గింది, పక్షం రోజులకు లేచి తిరిగింది. తండాలో ఇంకో తొమ్మిది మందికి కామెర్లు ఉన్నట్టు తేలింది. వాళ్లూ మెల్లగా కోలుకున్నారు. సోమ్లి దసరా వెళ్లిన మూడో నాడు దవాఖానలోనే పోయింది. డాక్టర్లు కాలేయం చెడిందని రాశారు. ఎందువల్ల అని నేను అడిగాను. ముసలామె, వానాకాలం, నీళ్లు, ఏదైనా కావచ్చు అన్నారు.

నలభై రెండు రోజులకు సమ్మె ముగిసింది. తెలంగాణ అప్పుడు రాలేదు. రైళ్లు నడిచాక నమూనాలన్నీ నేనే మోసుకుని హైదరాబాదు వెళ్లాను. నవంబరులో రిపోర్టు వచ్చింది. దక్షిణం గోడ బస్తాల్లో విషం పరిమితికి ముప్పై రెట్లు పైనే ఉంది. కాగితం తెచ్చి బాపుకు ఇచ్చాను. ఆయన అంకెలు చూసి మడిచాడు.

"సోమ్లి దీంతోనే పోయిందా?"

"చెప్పలేం బాపూ. కావచ్చు, కాకపోవచ్చు."

"ఇంత చదివి గదేం మాట బిడ్డా," అన్నాడు. అవునని చెబితే ఆయనకు కొంత తేలికయ్యేదని నాకు అనిపించింది. కాదని చెప్పినా అయ్యేదేమో. రెండూ చెప్పలేకపోయాను.

అప్పటికే ఆయన దుకాణంలో కూర్చోవడం మానేశాడు. గద్దె మీద అమ్మ కూర్చునేది. పచ్చి మక్కలు వస్తే బస్తా విప్పించి, చెయ్యి పెట్టి చూసి, ఎండబోసి తెమ్మని వెనక్కి పంపేది. రైతులు వేరే దుకాణానికి పోతామనేవాళ్లు. పొమ్మనేది.

నెలాఖరుకు మాన్‌సింగ్ తల్లి పేరు మీద తండాలో భోజనాలు పెట్టాడు. మాకు కబురు పంపాడు. ఆయన అప్పటికి మా దగ్గర పని మానేసి వేరే షావుకారు దగ్గర మోస్తున్నాడు. పోవాలా వద్దా అని బాపు పొద్దున్నుంచీ ఇంట్లో తిరిగాడు. చివరికి ముగ్గురమూ వెళ్లాం.

అందరికీ మాంసం వండారు. మాంసం తినని మా కోసం వేరే పప్పు చేయించి, పచ్చజొన్న రొట్టెలు పెట్టించాడు మాన్‌సింగ్. తనే వచ్చి బాపు ముందు పళ్లెం పెట్టాడు. బాపు పళ్లెం వైపు చూస్తూ కూర్చున్నాడు. చెయ్యి ముందుకు పోలేదు. ద్వాలి గుడిసె గుమ్మంలో నిలబడి చూస్తోంది.

మాన్‌సింగ్ బాపు ఎదురుగా కింద కూర్చున్నాడు.

"తిను సేటు," అన్నాడు. "గివి మా చేన్లయి. నేనే ఎండబోసిన."

బాపు రొట్టె తుంచాడు. ఆయన తినడం అయ్యేదాకా మాన్‌సింగ్ అక్కడి నుంచి లేవలేదు.